మూడో ఆదివారం ఆకు

"ఏ డబ్బాలో నూరావో ఆ డబ్బా ముందు బయటకు తియ్యి! ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని!"

"డబ్బా ఏందమ్మా? రోట్లో నూరా. అదిగో రోలు, నీ ఎదురుగుండానే ఉంది. ముప్పై ఏళ్ల నుంచీ దాంట్లోనే నూరుతున్నా. నీ కొడుక్కి పూసింది కూడా ఆ రోట్లో నూరిందేగా."

"నా కొడుకు సంగతి ఎత్తావంటే మర్యాద దక్కదు. అప్పుడు నీ బుద్ధి బాగుంది. ఇప్పుడు పత్తి తీతకు పోయిన చోటల్లా పురుగుమందు డబ్బాలు ఏరి తెచ్చుకుంటన్నావంట! పప్పులు పోసుకోటానికి, నీళ్లు ముంచుకోటానికి! చూసినోళ్లు ఉన్నారు."

"ఎవురు చూశారో పేరు చెప్పు వెంకటరావమ్మా. నేనే పోయి అడుగుతా."

"నేను చూశానే! నా కళ్లతో నేను చూశా! చాలా ఇంక?"

గోడకు ఇవతల నేను సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. అరుస్తున్నది మా మేనత్త వెంకటరావమ్మ. అరిపించుకుంటున్నది చాంద్‌బీ. మా ఊళ్లో పిల్లల తామరకు ఆకు పూసే ముసలామె.

నాలుగు రోజుల కిందట, ఆదివారం పొద్దున, మా అత్త మనవరాలు శ్రీరమ్య మెడ మీద తామరకు చాంద్‌బీ ఆకు పూసింది. మధ్యాహ్నానికల్లా ఆ నాలుగేళ్ల పిల్లకు నోటివెంట చొంగ, ఒళ్లంతా చెమటలు, వాంతులు. కళ్లు తేలేసింది. జీపు మాట్లాడుకుని గుంటూరు తీసుకెళ్లారు. ఒంట్లోకి పురుగుమందు పోయిందని డాక్టర్లు అక్కడ చెప్పారు. ఎట్లా పోయిందని అడిగితే మా వాళ్లకు చెప్పడానికి ఒక్కటే ఉంది, ఆకు పూయించామని. పిల్ల బతికింది. గురువారం ఇంటికి తెచ్చారు. తెచ్చిన గంటలోనే మా అత్త చాంద్‌బీ వాకిట్లో ఉంది.

ఆ ఆకు మీదకు పురుగుమందు ఎట్లా వచ్చిందో వాకిట్లో ఉన్న ఇద్దరికీ తెలియదు. గోడకు ఇవతల ఉన్నవాడికి తెలుసు. నేను సైకిలు తిప్పుకుని ఇంకో దారిన ఇంటికి వెళ్లిపోయాను.

ఇది తొంభై ఎనిమిది డిసెంబరు సంగతి. చాంద్‌బీ పోయి ఇప్పటికి మూడేళ్లు. ఆమె గురించి రాయడానికి నాకంటే మంచివాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్లెవరూ రాయరు. అందుకని నేను రాస్తున్నాను.

మా ఊరు చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమ, నల్లరేగడిలో ఉంటుంది. పత్తి, మిరప, ఎండ, ఇంతే మాకున్నది. చాంద్‌బీ వినుకొండ వైపు నుంచి పదిహేనో ఏట కాపురానికి వచ్చింది. మొగుడు హుస్సేన్ సాహెబ్ దూదేకులవాడు. విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. వాళ్ల పేర్లు తురకపేర్లే గాని ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. నా చిన్నప్పుడు పెళ్లిళ్ల ముందు మా వీధిలో ఆ విల్లునారి మోత రోజంతా వినపడేది. తర్వాత పట్నం నుంచి స్పాంజి పరుపులు వచ్చాయి. విల్లు చూరులోకి పోయింది. అన్నేళ్లు దూది దుమ్ము పీల్చిన హుస్సేన్ సాహెబ్ ఊపిరి అందక దగ్గి దగ్గి పోయాడు. కొడుకు అల్లాబక్షు గుంటూరులో ఒక పరుపుల కొట్లో పనికి కుదిరాడు. చాంద్‌బీ కూలికి పోతూ ఊళ్లోనే ఉండిపోయింది. ఇంట్లో ఆ దూది దుమ్ముకు తోడు ముక్కుపొడి అలవాటొకటి. అందుకని ఆమెకు వాసనలు తెలిసేవి కావు. పక్కింట్లో పోపు మాడినా ఎవరో చెప్పాలి. ఈ సంగతి అప్పట్లో మాకు నవ్వులాట.

ఆకు వైద్యం అత్తగారి దగ్గర నేర్చుకుంది. వానాకాలం వెనకపట్టున మా పిల్లలకు తామర లేస్తుంది. చెమట, తడి చెడ్డీ, బురద. రూపాయి బిళ్లంత మొదలై, చుట్టూ ఎర్రటి అంచు కట్టుకుని, గోకేకొద్దీ పాకుతుంది. తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని ఆదివారం పొద్దున్నే చాంద్‌బీ ఇంటిముందు వరస కట్టేవాళ్లు. ఆమె ఎండిన బీరపీచుతో ఆ మచ్చను కందిపోయేదాకా రుద్దేది. సీమ అవిసె ఆకు రోట్లో మెత్తగా నూరి, నిమ్మరసం పిండి, చిటికెడు ఉప్పు వేసి దూదితో అద్దేది. అది ఎట్లా మండుతుందో నాకు తెలుసు. ఏడేళ్లప్పుడు నా నడుముకు పూసింది. నేను ఊరు ఎగిరిపోయేట్టు అరిచాను.

"అరువురా, ఇంకా గట్టిగా అరువు," అంది. "నువ్వు అరిచేకొద్దీ అది హడలిచచ్చి పోద్ది."

ఆకు ఎండి పెటపెటలాడాక దులిపి కానుగ నూనె రాసి పంపేది. వరసగా మూడు ఆదివారాలు. పిల్లలతో ఎంత నవ్వేదో తల్లుల్ని అంత తిట్టేది.

"ఇంటిల్లిపాదికీ ఒకటే తువ్వాలా? అట్టయితే తామరకు పెళ్లి చేసి కాపురం పెట్టించినట్టే. ఎవురిది వాళ్లకు పెట్టు. వేపాకు కాచిన నీళ్లు పొయ్యి. ఒళ్లు తుడిచినాక తొడల సందున తడి ఉందేమో చూడు. ఆ దూడను వాటేసుకుని పడుకోనీయబాక, దాని ముట్టె చుట్టూ చూడు, దానికీ ఉంది."

రెండో ఆదివారానికి మచ్చ నడుమ తెల్లబడేది. తల్లులు తగ్గిపోయిందని సంబరపడితే ఒప్పుకునేది కాదు.

"తామర దొంగముండది. నడుమ ఖాళీ చేసి అంచుకు పోయి కూసుంటది. అంచు ఆరితేనే తగ్గినట్టు."

మూడో ఆదివారం పూసిన తర్వాత వారం ఆగి, కళ్లు మూసుకుని, వేలికొసతో మచ్చ అంచు చుట్టూ తడిమి చూసేది. గరుకు తగలకపోతే "పోరా, ఇంక ఆడుకో" అనేది. ఆ మాట అన్న రోజే తల్లి గుప్పెడు పత్తి తెచ్చి ఇవ్వాలి. డబ్బు ముట్టదు. తమ చేలో పండిన పత్తి, గుప్పెడు. ఆ గుప్పెళ్లన్నీ గింజ తీసి, ఏకి, ఒక దిండులోకి కూరేది. దిండుకు ఒక వైపు కుట్టు వేయకుండా వదిలేసింది. అందులో మా ఊరి పిల్లలందరి పత్తీ ఉంది. నాదీ ఉంది. మా అత్త కొడుకుదీ ఉంది.

ఆకు కోయడానికి అత్తగారు చెప్పిన పద్ధతి ఒకటుంది. ఆదివారం పొద్దు పొడవకముందే పోవాలి. దోవలో ఎవరితో మాట్లాడకూడదు. గోరు తగలకుండా తుంచాలి. తుంచిన ఆకుకు నీళ్లు తగలకూడదు. మంచు తప్ప ఇంకో తడి దాన్ని ముట్టకూడదు. కడిగితే ఆకులో సత్తువ నీళ్లలో కలిసి పోతుందని నమ్మకం. ఎవరైనా మట్టి ఉందేమో కడగరాదా అంటే చాంద్‌బీకి కోపం వచ్చేది. "మా అత్త కడగలా, ఆమె అత్త కడగలా. ఒక్క పిల్లకన్నా చెరుపు జరిగిందా?" అనేది.

జరగలేదు. నిజమే. ఆ అత్తల కాలంలో గట్ల మీద ఆకుల మీద దుమ్ము తప్ప ఏమీ ఉండేది కాదు.

మా కాలంలో పచ్చపురుగు వచ్చింది. ఒక మందుకు చావకపోతే రెండు కలిపి కొట్టాం. రెండిటికీ చావకపోతే మూడు. వారానికి రెండుసార్లు కొట్టిన ఏడాది ఉంది. పురుగు చావలేదు గాని ఊళ్లో ఇద్దరు రైతులు ఆ మందే తాగి పోయారు. అన్నం తింటుంటే చేతుల్లో అదే వాసన, ఊరంతా అదే వాసన. చాంద్‌బీకి ఒక్కదానికే తెలియదు.

నేను అప్పటికి నరసరావుపేటలో డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి వచ్చాను. ఎందుకు మానేశావని అడిగినవాళ్లకు తలా ఒక కారణం చెప్పాను. అసలు కారణం నాకు కుదురు లేదు. తరగతిలో కూర్చుంటే బస్టాండు గుర్తొచ్చేది, బస్టాండులో కూర్చుంటే ఎటు పోవాలో తెలిసేది కాదు. మా నాన్న నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు చేనుకు మందు కొట్టే పెట్రోలు పంపు తెచ్చి నా ముందు పెట్టి, "చదువు తలకెక్కలా. ఇదన్నా వీపుకెక్కించుకో" అన్నాడు.

ఆ శనివారం సాయంత్రం మా మూడెకరాల పత్తికి నేనే మందు కొట్టాను. నీళ్ల కొలత తప్పాను. చేను అయిపోయింది, పంపులో ఇంకా నాలుగు లీటర్ల దాకా ఉంది. ఇంటికి మోసుకుపోతే నాన్న డబ్బా తిప్పి చూసి, కొలత కూడా రాదా నీకు అంటాడు. కాలవలో పోస్తే గొడ్లు తాగుతాయి. డొంక వైపు గట్టు మీద సీమ అవిసె పొద ఉంది, పసుప్పచ్చ పూలకంకులు నిలబెట్టుకుని. చీకటి పడుతోంది. పంపు దాని మీదకు తిప్పి ఖాళీ అయ్యేదాకా కొట్టాను. ఆకుల చివర్ల నుంచి చుక్కలు కారాయి.

రేపు ఆదివారం అని తట్టింది. తట్టలేదని రాస్తే అబద్ధం. చాంద్‌బీ మసీదు వెనక పొద దగ్గర కోస్తుందిలే, ఇంత దూరం రాదులే అనుకున్నాను. మొదటి రెండు ఆదివారాలు శ్రీరమ్యకు అక్కడి ఆకే పూసింది కూడా. మూడో ఆదివారానికి ఆ పొదను మేకలు దూసేశాయి. ఆమె మా గట్టుకు వచ్చింది. పొద్దు పొడవకముందే, ఎవరితో మాట్లాడకుండా, మంచు తడితో ఉన్న ఆకు కోసుకుని కొంగులో వేసుకుపోయింది. ఎవరితోనన్నా మాట్లాడి ఉంటే, ఆ గట్టుకు నిన్న మందు కొట్టారని ఎవరో ఒకరు చెప్పి ఉండేవాళ్లేమో. చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. నేను నిద్రపోతున్నాను.

ఆ ఆదివారం ఆకుకు వచ్చింది శ్రీరమ్య ఒక్కతే. ఆ రోజు చాంద్‌బీకి కూడా వాంతులయ్యాయి. రంజాను నెల, ఉపవాసంలో ఉంది. ఖాళీ కడుపు తిప్పుతోందనుకుంది.

గొడవ జరిగిన రెండో రోజు మా ఇంటికి వచ్చింది. నేనూ నాన్నా అన్నం తింటున్నాం. వాకిట్లోనే నిలబడింది.

"అన్నా, ఒక్క మాట. శనివారం మీ డొంక గట్టుకు మందు గానీ కొట్టారా?"

నాన్న ఎంగిలి చేత్తోనే లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. "గట్టుకా? మందు చేనుకే చాలక చస్తంటే గట్లకు ఎవడు కొడతాడు చాంద్‌బీ? నాకేమన్నా పిచ్చా? చేసింది చేసి మా మీద పెట్టబాక. ఆ పిల్ల నా చెల్లెలి మనవరాలు."

నాన్న అబద్ధం ఆడలేదు. ఆయనకు తెలియదు. చాంద్‌బీ నా వంక చూసింది. నేను మజ్జిగ పోసుకుని కలుపుకున్నాను. ఆ అన్నం మొత్తం తిన్నాను. ఇది కూడా రాయాలి.

ఆ తర్వాత ఆమె దగ్గరికి ఎవరూ పిల్లల్ని తీసుకుపోలేదు. డబ్బా మాట ఊళ్లో కాళ్లొచ్చి నడిచింది. ఒకళ్లు డబ్బా ఎర్రదన్నారు, ఒకళ్లు తెల్లదన్నారు, దాని మీద పుర్రె బొమ్మ కూడా చూశామన్నారు. చేతి చలవ పోయిందన్నారు. పత్తి తీతలో ఆడవాళ్లు ఆమె చెంబుతో నీళ్లు తాగడం మానేశారు. పిల్లలకు తామర లేస్తే ట్యూబు కొనుక్కొచ్చి పూశారు. వారంలో పోయేది, నెల తిరిగేసరికి రెండింతలై వచ్చేది. అంచు ఆరిందా అని చూసేవాళ్లు లేరు. మా ఇంటిముందు నుంచి నెత్తిన గడ్డిమోపుతో పోతూ చాంద్‌బీ వీధిలో పిల్లల మెడలు, చేతులు చూసుకుంటూ పోయేది. ఒకసారి ఒక పిల్లవాడి మోచెయ్యి చూసి ఆగబోయింది. వాడి తల్లి వాణ్ణి లోపలికి లాక్కుంది. చాంద్‌బీ మోపు సర్దుకోవడానికి ఆగినట్టు, సర్దుకుని పోయింది.

రెండేళ్లు గడిచాయి. నేను నోరు తెరవలేదు. తెరుద్దామనుకున్న రోజులు ఉన్నాయి. మా అత్త కొడుకు, అంటే శ్రీరమ్య తండ్రి, చెయ్యి దురుసు మనిషి. నాన్న ముందే నన్ను పనికిమాలినవాడి కింద జమకట్టేశాడు. భయం. ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

రెండు వేల ఒకటి జనవరిలో, మిరప ఎర్రబారుతున్న రోజుల్లో, మందు కొట్టడానికి చేలోకి పోతే ఆమె మా డొంక గట్టు మీద ఆ పొద పక్కన కూర్చుని ఉంది. రవిక చెయ్యి పైకి మడిచి ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా వరసగా మచ్చలు. కొన్ని నల్లబడ్డవి, కొన్ని తోలు ఊడి ఇంకా ఎర్రగా ఉన్నవి.

"చేతికి ఏందది మామ్మా?" అన్నాను.

"పరీక్షలురా. నువ్వు రాయకుండా పారిపోయొచ్చావే, అయ్యి నేను రాస్తన్నా."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె మచ్చలు వేలితో చూపిస్తూ పోయింది.

"ఇది మసీదు వెనకాల ఆకు. ఏం కాలా. ఇది కాలవ గట్టుది. ఏం కాలా. ఇది శేషయ్య చేని గట్టుది, వాళ్లు మందు కొట్టిన మర్నాడు కోసిందే. కొంచెం కళ్లు తిరిగినయ్. ఇది చూడు, అదే ఆకు, కడిగి నూరా. ఏం కాలా. మళ్లీ కడక్కుండా పూశా, మళ్లీ తిరిగినయ్."

"ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావు ఇది?"

"ఆ ఏడాది నుంచీ. మొదట నా చేతిలోనే ఏదన్నా దోషం వచ్చిందేమోనని చూసుకున్నా. చెయ్యి దోషమయితే అన్ని ఆకులకూ అవ్వాలి గదా? అవ్వలా. కడక్కపోటం దోషం. మా అత్త చెప్పింది చెప్పినట్టు చేశా. ఆమె నాటికి ఇయ్యన్నీ యాడున్నయ్? నాకు తట్టలా. ఆ పిల్లకు అంత అయిందంటే ఆ రోజు ఈ పొద మీద ఎవురో కుమ్మరించే ఉంటారు. మీ నాన్న కొట్టలేదన్నాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి. అదే నాకు లెక్క కుదరట్లా. అందుకే ఇక్కడికొచ్చి కూసున్నా."

పంపు వీపు మీదే ఉంది. దించకుండానే చెప్పాను. "నాన్న కాదు. నేను. మిగిలిపోతే ఈ పొదకు కొట్టేశా."

ఆమె రవిక చెయ్యి కిందికి దింపుకుంది. ముక్కుపొడి డబ్బీ తీసింది, మూత రాలేదు, మళ్లీ రొండిలో పెట్టుకుంది.

"మజ్జిగ కలుపుకున్నావు ఆ రోజు," అంది. "నేను చూశా. పిల్లోడు ఎంత నిమ్మళంగా తింటన్నాడో అనుకున్నా."

నేను పంపు పట్టీలు విప్పి గట్టు మీద దించాను.

"రెండేళ్లురా! నోట్లో ఏం పెట్టుకున్నావు? మీ అత్త నన్ను డబ్బాల దొంగను చేసింది. నా కొడుకు వచ్చి, ఊరు మారదాం పదమ్మా అంటే, తప్పు చేసినదాన్లా ఎందుకు పోవాలిరా అని నేను పోలా. నువ్వు ఈ దోవనే రోజూ సైకిలేసుకుని పోయావు. బాగున్నావా మామ్మా అని కూడా అడిగావు ఒకసారి!"

"తప్పయింది మామ్మా."

"తప్పు నాదీ ఉంది. ఆకు కడగలా నేను. నీదొక్కడిదే అని చెప్పమనట్లా. ఇద్దరిదీ చెప్పు. కానీ డబ్బా లేదని చెప్పు. నేను చెప్తే ఎవురు నమ్ముతారు? కొట్టినోడివి నువ్వు చెప్తే నమ్ముతారు. మీ అత్తకు చెప్తావా?"

"చెప్తా."

"ఎప్పుడు?"

"ఈ ఆదివారం."

ఆ ఆదివారం మిరపకాయ కోతకు మనుషులు వచ్చారు, ఇల్లంతా హడావిడి. తర్వాతి ఆదివారం అత్త ఊళ్లో లేదు. ఆ పై ఆదివారం అత్త వాకిట్లో దాకా పోయాను. శ్రీరమ్య తండ్రి మంచం మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. మంచినీళ్లు తాగి వచ్చేశాను. ఇంకో రెండు వారాలకు నాన్నతో మాటామాటా అనుకుని హైదరాబాదు బస్సెక్కాను. అక్కడ ఒక అచ్చాఫీసులో కాగితాలు మోసే పని దొరికింది. ఉత్తరం రాయొచ్చు. రాయలేదు.

మే నెలలో తిరిగి వచ్చాను. బస్సు దిగి డొంకన నడిచి వస్తుంటే చాంద్‌బీ ఇంటికి తాళం ఉంది. పక్కవాళ్లు చెప్పారు. ఏప్రిల్ చివర మూడు రోజులు జ్వరం, ఎండలో కూలికి పోయి వచ్చి పడుకుంది, లేవలేదు. అల్లాబక్షు వచ్చి ఊరి చివర వాళ్ల సమాధుల దగ్గర మట్టి చేసి, తాళం వేసుకుని పోయాడు. నేను వచ్చేనాటికి పన్నెండు రోజులు.

సంచి అక్కడే గోడ పక్కన పెట్టి మా అత్త ఇంటికి పోయాను. నడవాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది. ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను. పంపు, నాలుగు లీటర్లు, గట్టు, నాన్నకు తెలియకపోవడం, మజ్జిగ. ఆమె గుడ్డ విప్పింది. కొడతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"డబ్బా నేను చూళ్లేదురా అంజీ," అంది. "ఎవురో అన్నారు. నా పిల్లకు అట్టా అయితే ఎవురో ఒకళ్లను అనకుండా ఉండలేకపోయా. పేరు చెప్పమంది గదా, నేనే చూశానన్నా."

మిరపకాయ చేతుల్తో కళ్లు తుడుచుకుంది. తుడుచుకోకూడదని ఆమెకు తెలియనిది కాదు. నీళ్లు తెచ్చి ఇస్తే కడుక్కోలేదు.

అప్పుడే శ్రీరమ్య వీధిలో ఆడుకుని లోపలికి వచ్చింది. ఆరేళ్లు నిండాయి, రెండు జడలు. దగ్గరికి పిలిచి జడ పక్కకు తీసి మెడ చూశాను. శుభ్రంగా ఉంది. గరుకు లేదు, ఎరుపు లేదు, మచ్చ ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాను. చాంద్‌బీ చేసిన వైద్యం పనిచేసింది. మూడో ఆదివారం నా మందు కలిసినా, తామర పోయింది.

అత్త లేచి దేవుడి గూట్లో వత్తుల కోసం ఉంచుకున్న పత్తి లోంచి గుప్పెడు తీసుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని చాంద్‌బీ ఇంటికి నడిచింది. నేను వెనకాల పోయాను. తాళం చూసి కూడా అత్త రెండుసార్లు "చాంద్‌బీ" అని పిలిచింది. తలుపు సందులోంచి ఆ పత్తిని వేలితో కొంచెం కొంచెంగా లోపలికి నెట్టింది. కొంత పోయింది. కొంత సందులోనే ఇరుక్కుంది. దిండు లోపలే ఉందో, అల్లాబక్షు తీసుకుపోయాడో మాకు తెలియదు.

"ఎవరి ఇల్లు నాయనమ్మా ఇది?" అని అడిగింది శ్రీరమ్య. మా అత్త సందులో ఇరుక్కున్న పత్తిని మళ్లీ వేలితో లోపలికి నెట్టింది.

అత్తకు అన్నీ చెప్పాను గాని ఒక్కటి చెప్పలేదు. అది వింటే ఆమె తట్టుకోలేదనిపించింది. జనవరిలో గట్టు మీద ఆ రోజు, ఈ ఆదివారం చెప్తానని మాట ఇచ్చి నేను నాలుగడుగులు చేలోకి వేశాక, చాంద్‌బీ నన్ను వెనక్కి పిలిచింది. కోపం పోయింది గొంతులో. అడగనా వద్దా అన్నట్టు అడిగింది.

"ఒరే అంజీ, ఇంకొకటిరా. ఆ మూడో ఆదివారం తర్వాత నేను ఆ పిల్ల మెడ చూళ్లేదు. మీ అత్తకు చెప్పేటప్పుడు, పిల్లను ఒక్కసారి ఈ దోవన తీసుకురమ్మను. నా వాకిట్లోకి రానక్కర్లా. చెయ్యి వెయ్యను, ఆకు పుయ్యను. బజార్లోనే నిలబెట్టి మెడ ఇటు తిప్పమను, చాలు. అంచు ఆరిందో లేదో చూసుకుంటా."